తెలుపు కింద ఇసుక

లోహంతో పోతపోసిన ముసలి మాంత్రికుడి బొమ్మ అది. కాలి కింద నుంచి టోపీ కొస దాకా కొలిస్తే మూడున్నర సెంటీమీటర్లు. పొడుగాటి అంగీ, బొడ్డు దాకా గడ్డం, చేతిలో కర్ర. కళ్ళు సగం మూసుకుని ఏదో మంత్రం గొణుగుతున్నట్టు ఉంటాడు. ఆ కనురెప్పల కింది ముడతల్ని కూడా విడివిడిగా చెక్కారు, చెక్కిన మహానుభావులెవరో గానీ. దానికి తెల్ల స్ప్రే ప్రైమర్, అంటే పై రంగులు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత, కొట్టాను. ఆరాక చేతిలోకి తీసుకుని చూస్తే పాలరాతి విగ్రహంలా ఉంది. మురిసిపోయాను.

మర్నాడు ముఖానికి చర్మం రంగు రెండు పల్చటి పూతలు వేసి, దాని మీద గోధుమరంగు వాష్ వదిలాను. వాష్ అన్నది నీళ్ళలా జారి గీతల్లోకి, ముడతల్లోకి దిగి నీడగా కూర్చోవాలి. ఇది దిగలేదు. నుదుటి మీద, ముక్కు మీద, చెంపల మీద ఎక్కడికక్కడ చుక్కలు చుక్కలుగా ఆగిపోయింది. దీపం దగ్గరికి జరిపి భూతద్దంలో చూస్తే ముఖమంతా అమ్మవారు పోసినట్టుంది.

తప్పు వాష్‌ది కాదు, చర్మం రంగుదీ కాదు. ఇసుక ప్రైమర్‌లోనే ఉంది, ముందు రోజు నేను మురిసిపోతున్నప్పుడు కూడా ఉంది. నాకు కనబడలేదంతే. గరుకు కంటికి ఆనాలంటే ప్రతి గింజ పక్కనా చిన్న నీడ పడాలి. మెరుపులేని తెల్లటి పూత మీద వెలుతురు అన్ని వైపులా చెదిరి ఆ నీడల్ని చెరిపేస్తుంది. కార్లు, విమానాల మోడళ్ళు చేసేవాళ్ళు అతుకులు, గీతలు ఎక్కడ మిగిలాయో పట్టుకోవడానికి బూడిదరంగు ప్రైమర్ వాడతారు, ఎందుకంటే అది లోపాల్ని చూపిస్తుంది. తెలుపు చూపించదు. తన తప్పుని తనే కప్పుకుని, మీరు గంటల తరబడి రంగు వేశాక బయటపెడుతుంది.

ఇలాంటి బుల్లి బొమ్మలకి, అదే మినియేచర్లకు, కొత్తగా రంగులు వేస్తున్నవాళ్ళు నన్ను తరచూ అడిగేది, ఏ డబ్బా తెలుపు బాగా తెల్లగా వస్తుంది, ఒక్క పూతలో కప్పేది ఏది అని. ఒకప్పుడు నేనూ అదే అడిగాను. మాంత్రికుడికి కొట్టిన డబ్బాని సరిగ్గా ఆ లెక్కనే ఎంచుకున్నాను, దాని పేరు ఇక్కడ అనవసరం. ఇప్పుడు నా వాదన ఏమిటంటే, తెల్ల ప్రైమర్‌ని తెల్లదనం చూసి కొనకూడదు. ఎంత మెత్తగా పడుతుందో చూసి కొనాలి. తెలుపు కాస్త తక్కువైతే మరీ మంచిది.

ఎందుకంటే తెలుపు కప్పడం అనేదే కష్టమైన పని. నలుపుకి ఆ బాధ లేదు. కార్బన్ బ్లాక్ తన మీద పడ్డ వెలుతురుని మింగేసి ఊరుకుంటుంది, పల్చటి పొర చాలు. తెలుపు మింగితే తెలుపే కాదు. వచ్చిన వెలుతురుని కింది ప్లాస్టిక్‌నో లోహాన్నో తాకనివ్వకుండా పొరలోనే అటూ ఇటూ తిప్పి మళ్ళీ బయటికి పంపాలి. ఆ పని చేసేది టైటానియం డయాక్సైడ్. ఫ్యాక్టరీల్లో దీని తయారీ 1916 ప్రాంతంలో నార్వేలో, అమెరికాలో మొదలైంది. అంతకుముందు తెలుపంటే సీసం తెలుపు, లేదంటే జింకు తెలుపు. టైటానియం డయాక్సైడ్‌లో రంగులకు వాడే రూటైల్ రకం వక్రీభవన గుణకం, అంటే వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 2.7 దాకా ఉంటుంది. వజ్రానిదే 2.42. రంగుని పట్టి ఉంచే రెజిన్‌ది 1.5 చుట్టుపక్కల. రేణువుకీ దాని చుట్టూ ఉన్న రెజిన్‌కీ మధ్య ఈ తేడా ఎంత పెద్దదైతే వెలుతురు అంత బలంగా చెదురుతుంది. రేణువు సైజు కూడా లెక్కే. 0.2 నుంచి 0.3 మైక్రాన్ల మధ్య ఉంటేనే బాగా పని చేస్తుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కప్పే శక్తి చాలలేదని డబ్బాలో ఈ పొడి రెండింతలు కలిపితే రెండింతలు కప్పదు. రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకునేంతగా కిక్కిరిస్తే, ఒక్కోటి విడిగా ఉన్నప్పుడు చెదరగొట్టగలిగినంత వెలుతురు చెదరగొట్టలేదు. పొడి పెరిగిన కొద్దీ ఫలితం నత్తనడక నడుస్తుంది, పూత మాత్రం సుద్దలా పొడిపొడిగా తయారవుతుంది.

పైగా ఈ పొడి బరువు. నీటికి నాలుగు రెట్లకు పైనే సాంద్రత, 4.2 దాకా. రెండు వారాలు కదపని డబ్బాలో అది అడుగున మడ్డిలా కూర్చుంటుంది. లోపల గోళీ ఉండేది అందుకే. చాలామంది గోళీ చప్పుడు వినగానే అయిపోయిందనుకుంటారు. లెక్క అక్కడ మొదలవుతుంది. గోళీ మడ్డిలోంచి ఊడి స్వేచ్ఛగా గలగలమన్న దగ్గర్నుంచి కనీసం రెండు నిమిషాలు ఊపాలి. నేను తెల్ల డబ్బాకి మూడు నిమిషాలు ఊపుతాను, గడియారం చూసి. రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో గడియారం చూస్తే గానీ తెలియదు. సరిగా కలవని డబ్బా నుంచి ముందు పల్చటి నీళ్ళలాంటి రెజిన్ వస్తుంది, చివర్లో గడ్డలు వస్తాయి. డబ్బా చెడ్డదని తిట్టుకునేవాళ్ళలో సగం మంది అసలు దాన్ని ఊపనేలేదని నా అనుమానం.

ఇక తుంపర సంగతి. నాజిల్‌లోంచి బయటపడ్డ ప్రతి బొట్టూ బొమ్మని చేరేలోపు ఆరుతూనే ఉంటుంది. తడిగా చేరితే బొమ్మ మీద పరుచుకుని పక్క బొట్టుతో కలిసిపోతుంది, పూత నున్నగా వస్తుంది. దారిలోనే ఆరితే చిన్న గింజై వచ్చి అతుక్కుంటుంది. అదే నా మాంత్రికుడి ముఖం మీది ఇసుక. పొడి దట్టించిన బొట్టులో ద్రవం పాలు తక్కువ కాబట్టి అది కాస్త ఆరినా గట్టిపడుతుంది, పరుచుకోదు. నల్ల డబ్బాతో కాస్త దూరం నుంచి కొట్టినా, ఎండవేడిలో కొట్టినా చాలాసార్లు గట్టెక్కేస్తాం. తెలుపు దగ్గర అదే పొరపాటు చేస్తే దొరికిపోతాం.

సరే, దూరం నుంచి కొడితే ఇసుక అవుతుందని దగ్గర్నుంచి తడిగా కొడదామా? అప్పుడు రంగు మడతల్లో చెరువు కడుతుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ ఒక మనిషిని చూపిస్తోందంటే అది దాదాపు అరవయ్యో వంతు. దాని మీద మిల్లీమీటర్లో పదో వంతు మందాన రంగు పేరుకుందంటే నిజం మనిషి ముఖానికి ఆరు మిల్లీమీటర్ల సున్నం పట్టించినట్టు. కనురెప్పలు ఎక్కడ మిగులుతాయి? ఒక్క పూతలో కప్పే తెలుపు కావాలని అడగడమంటే ఈ రెండు ప్రమాదాల్నీ కోరి తెచ్చుకోవడమే.

అందుకని నేను డబ్బాని చూసే పద్ధతి మారింది. కొత్త డబ్బా తెస్తే ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీదో, బొమ్మలు కోసి తీయగా మిగిలిన ఫ్రేము ముక్క మీదో కొడతాను. ఆరాక చూడను, చూస్తే మళ్ళీ మోసపోతాను. గోరుతో మెల్లగా గీకి వింటాను. మెత్తటి పూత దాదాపు చప్పుడు చేయదు, గరుకుది ఉప్పుకాగితంలా బరబరమంటుంది. ఆ తర్వాత దాని మీద ముదురు గోధుమరంగు వాష్ ఒక్క బొట్టు వేసి చెంచాని వంచుతాను. బొట్టు వెనక రంగు సమంగా పరుచుకుంటూ జారితే ఆ డబ్బా నా బల్ల మీదికి వస్తుంది. చుక్కలు వదిలితే దాన్ని బొమ్మల కింది దిమ్మెలకి, రాళ్ళకి, గోడలకి వాడతాను. గోడకి గరుకు అందం. పదిహేను నిమిషాల పని ఇది. మాంత్రికుడి మీద నాకు పోయింది రెండు సాయంత్రాలు.

పేర్లు చెప్పమంటారా, చెబుతాను. మెత్తదనంలో నాకు నచ్చినవి బొమ్మల ఆటలవాళ్ళ డబ్బాల కన్నా స్కేల్ మోడళ్ళవాళ్ళ డబ్బాలు. తమియా ఫైన్ సర్ఫేస్ ప్రైమర్‌లో తెలుపు ఒకటుంది. లాకర్ రకం, అంటే ఘాటైన ద్రావకంతో చేసింది, తుంపర సన్నం, చప్పున ఆరుతుంది, గీరితే ఊడదు. మిస్టర్ హాబీ వాళ్ళు సర్ఫేసర్లని పిలిచే ప్రైమర్లకి 500, 1000, 1200, 1500 అని అంకెలుంటాయి, ఉప్పుకాగితాలకి ఉన్నట్టే. అంకె పెరిగితే మెత్తన. 1500 అంకెతో వచ్చే ఫినిషింగ్ సర్ఫేసర్‌లో తెలుపు దొరుకుతుంది. ముఖాలు ముఖ్యమైన బొమ్మలకి నేను ఈ రెంటిలో ఏది చేతికందితే అది వాడతాను. రెండూ ఘాటైన వాసన, గాలాడే చోట మాస్కు పెట్టుకుని కొట్టాల్సినవే. రెండూ ఒక్క దెబ్బకి తెల్లగా కప్పవు. తొలి పూత తర్వాత బొమ్మ మసకమసగ్గా, కింది రంగు తొంగిచూస్తూ ఉంటుంది. చాలామంది అక్కడే నిరాశపడి ఇంకా కొడతారు. ఆగండి. ప్రైమర్ పట్టు ఇచ్చిందా లేదా అన్నదే లెక్క. అక్కడక్కడా మసగ్గా ఉన్నంత మాత్రాన రంగు ఊడిపోదు.

బొమ్మల ఆటలవాళ్ళ బ్రాండు సిటాడెల్ డబ్బాల్లో కొరాక్స్ వైట్‌కి పేరులో తెలుపు ఉన్నా ఒంట్లో కొంచెం బూడిద ఛాయ ఉంది. దాన్ని లోపంగా చెప్పుకుంటూ ఉంటారు. నాకైతే అది గుణమే. 2019లో కాంట్రాస్ట్ అనే పల్చటి పారదర్శక రంగులు తెచ్చినప్పుడు వాళ్ళు వాటి కిందికి తెచ్చిన స్ప్రేలు చూడండి. రెయిత్‌బోన్ ఎముక రంగు, గ్రే సీర్ లేత బూడిద. కింది తెలుపు పైకి కనబడటం మీదే ఆధారపడి పని చేసే పారదర్శకమైన రంగులకి, అచ్చమైన తెలుపుని పక్కనపెట్టి ఎముక రంగుని, బూడిదరంగుని జోడించారు. నా వాదనకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. అచ్చ తెలుపు మీద పారదర్శక రంగు వేస్తే వెలిసిన గుడ్డ మీద సిరా ఒలికినట్టు మచ్చమచ్చలుగా తేలుతుంది. ఎముక రంగు మీద అదే రంగు వెచ్చగా కుదురుకుంటుంది.

అసలు తెలుపు ఎవరికి కావాలి? పసుపు వేసేవాళ్ళకి కావాలి, అందులో అనుమానం లేదు. నల్ల ప్రైమర్ మీద పసుపు వేసి చూసినవాళ్ళకి తెలుసు, ఐదో పూతకి కూడా బురద పచ్చగానే ఉంటుంది. నారింజ, గులాబీ, మెరిసే ఎరుపు, ఇవన్నీ స్వతహాగా కింది రంగుని పూర్తిగా మూయలేనివి. తెలుపు మీద రెండు పూతల్లో కళకళలాడతాయి. నల్ల ప్రైమర్‌కి ఒక సౌకర్యం ఉందని ఒప్పుకోవాలి. చంకలోనో అంగీ మడతలోనో కుంచె చేరని చోటు నలుపుగా మిగిలితే చూసేవాళ్ళు నీడ అనుకుంటారు. అదే చోటు తెల్లగా మిగిలితే దూరం నుంచే పళ్ళికిలిస్తుంది. తెలుపు మీద పని చేయడమంటే ఒక్క మడత కూడా వదలకుండా రంగు వేస్తానని ఒప్పుకోవడమే. అంత ఓపిక లేని రోజుల్లో నేను తెల్ల డబ్బా జోలికి పోను.

తెలుపు ఎవరికి అక్కర్లేదంటే, విచిత్రంగా, బొమ్మ మీద తెల్లటి బట్టలు చిత్రించేవాళ్ళకి. నా మాంత్రికుడిది తెల్ల అంగీ. అందుకే కదా అంత తెల్లటి డబ్బా ఏరికోరి తెచ్చింది. అది నా రెండో తప్పు. బొమ్మ మీద తెల్ల బట్ట తెల్లగా కనిపించాలంటే దానిలో ఎక్కువ భాగం లేత బూడిదగానో, లేత నీలంగానో, లేత గోధుమగానో ఉండాలి. వెలుతురు నేరుగా పడే భుజాల మీద, మడతల అంచుల మీద మాత్రమే అచ్చ తెలుపు గీయాలి. మొదటే బొమ్మంతా అచ్చ తెలుపు అయితే ఆ అంచు గీయడానికి అంతకన్నా తెల్లటి రంగు ఎక్కణ్ణుంచి తేగలం? నిచ్చెన ఆఖరి మెట్టు మీద నిలబడి ఇంకా పైకెక్కాలని చూడటమే.

కాబట్టి ఇప్పుడు నేను చేసేది ఇది. ముందు బూడిదరంగు ప్రైమర్ బొమ్మంతా పల్చగా కొడతాను. పట్టు ఇచ్చేది అదే, గరుకుంటే అప్పుడే కనబడుతుంది, అక్కడే సరిచేసుకోవచ్చు. అది ఆరాక తెల్ల డబ్బా తీసి పైనుంచి మాత్రమే, నడినెత్తి సూర్యుడు కొట్టినట్టు, రెండు మూడు చిన్న దెబ్బలు. ముక్కు, చెంపలు, భుజాలు, మోకాళ్ళు తెల్లబడతాయి, గడ్డం కింద, చంకల్లో, అంగీ అడుగున బూడిద మిగులుతుంది. దీన్నే జెనిథల్ అంటారు, మామూలుగా నలుపు మీద చేస్తారు. బూడిద మీద చేస్తే పసుపుకీ ఎరుపుకీ కూడా పనికొస్తుంది. బూడిద మీద తెలుపు కప్పడానికి పొడి దట్టించిన డబ్బా అక్కర్లేదు, కాబట్టి మెత్తటి డబ్బాలు ఇక్కడ హాయిగా నడుస్తాయి. ఒక్క డబ్బాతో పోయేదానికి రెండు డబ్బాలా అంటారు. నిజమే. కాకపోతే తెల్ల డబ్బా అంత త్వరగా అయిపోదు.

స్ప్రే డబ్బా మానేసి, గాలి ఒత్తిడితో రంగుని సన్నగా చిమ్మే ఎయిర్‌బ్రష్ కొనుక్కోమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటలో నిజముంది. వల్లేహో వాళ్ళ పాలీయురెథేన్ ప్రైమర్ లాంటివి ఎయిర్‌బ్రష్‌తో పొగమంచులా పడతాయి, వాసన కూడా తక్కువ. తొందరపడి గీకితే మాత్రం పొరలా లేచి వస్తుంది, పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. కానీ కంప్రెసర్, గొట్టాలు, వాడిన ప్రతిసారీ విప్పి కడగడం, ఇదంతా ఇంకో వ్యాపకం. ఎడ్వర్డ్ సీమోర్ 1949లో అమెరికాలో రంగుని డబ్బాలో పెట్టి మీట నొక్కితే వచ్చేలా చేశాక ఇలాంటి తంటా తప్పింది. ఆయన డబ్బాలో పెట్టిన మొదటి రంగు తెలుపు కాదు, రేడియేటర్లకి వేసే అల్యూమినియం రంగు. తెలివైనవాడు.

కొట్టే పద్ధతి గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇరవై, ఇరవైఐదు సెంటీమీటర్ల దూరం. బొమ్మ పక్కన ఖాళీలో మొదలుపెట్టి బొమ్మ మీదుగా సాగి అవతలి ఖాళీలో ఆపాలి, ఎందుకంటే మీట నొక్కినప్పుడూ వదిలినప్పుడూ నాజిల్ ఉమ్ముతుంది. వాన పడే రోజు వద్దు. ద్రావకం ఆవిరవుతూ బొమ్మ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే దాని మీద చెమ్మ పట్టి పూత పాడవుతుంది. నల్ల పూత మీదైతే తెల్లటి మసక వచ్చి వెంటనే తెలుస్తుంది, తెల్ల పూత మీద తెలియదు, మళ్ళీ అదే దొంగాట. అలాగే ఆపకుండా కొడితే డబ్బాలోని ద్రవవాయువు మరుగుతూ డబ్బానే చల్లబరుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, బొట్లు లావవుతాయి. అరచేతికి డబ్బా చల్లగా తగిలిందంటే పక్కన పెట్టి టీవీ చూసుకోండి. చలికాలంలో గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నిలబెట్టవచ్చు. వేడినీళ్ళు వద్దు, మంట దగ్గరికి అసలే వద్దు, డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసేది ఊరికే కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. వంచితే వంగే మెత్తటి పీవీసీ బొమ్మల మీద ద్రావకం రకం స్ప్రేలు కొట్టేముందు అడుగున ఎవరికీ కనబడని చోట కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే పదార్థం ప్రైమర్‌తో కలిసి, నెలలు గడిచినా వేలికి జిగురుగా అంటుకునే పూత తయారవ్వచ్చు. థర్మోకోల్ దిమ్మెలైతే కరిగి గుంటలు పడిపోతాయి. అచ్చులో పోసి గట్టిపరిచిన రెజిన్ బొమ్మల్ని సబ్బునీళ్ళతో కడగకుండా ఏ ప్రైమర్ కొట్టినా దండగే, అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన జిడ్డు పైన ఉంటుంది.

మాంత్రికుడి కథ మిగిలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. రంగు వచ్చింది, ప్రైమర్ వచ్చింది, చేతికర్ర వంగింది. దాన్ని నిటారుగా చేయబోతే విరిగింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. సన్నటి తీగతో కొత్త కర్ర చేసి అతికించి, బూడిద కొట్టి, పైనుంచి తెలుపు రెండు దెబ్బలు కొట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి వాష్ కనురెప్పల కిందికి దిగింది, ముడతలు మూడూ విడివిడిగా లెక్కపెట్టవచ్చు. అంగీ లేత బూడిదలో ఉంది, భుజాల మీద మాత్రం తెలుపు. గడ్డం మడతల్లో, బ్రష్ చేరని చోట, పాత ప్రైమర్ గింజలు రెండు ఇంకా ఉన్నాయి. చూసినవాళ్ళెవరూ కనిపెట్టలేదు. నాకు మాత్రం బొమ్మ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ముందు అవే కనబడతాయి.